నిలబడ్డప్పుడే వణుకు

మా అక్క మొగుడు కార్ల మెకానిక్. ఆయన షెడ్డు పక్కనే నా స్పేర్ పార్టుల కొట్టు. మధ్యలో రేకు గోడ ఒకటి ఉందిగానీ, బావ అరుపులకు అదొక అడ్డం కాదు. ముఖ్యంగా బండికి ఏమైందో చెప్పబోయే ఓనర్ల మీద ఆయన ఒంటికాలి మీద లేస్తాడు.

"స్టీరింగ్ వణుకుతోందండీ, ఎప్పుడంటే..." అని వాళ్ళు మొదలుపెట్టగానే చెయ్యెత్తుతాడు.

"మీరేం చెప్పకండి. బండే చెబుతుంది."

తర్వాత సీట్లో కూర్చుని, ఇంజన్ ఆన్ చేసి, రెండు అరచేతులూ స్టీరింగ్ మీద వదులుగా ఆనించి కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. పరుగులో వణికితే చక్రాల తప్పు. బ్రేకు తొక్కినప్పుడు వణికితే డిస్కుల తప్పు. బండి నిలబడి ఉన్నప్పుడే వణికి, యాక్సిలరేటర్ తొక్కగానే పోయిందంటే మాత్రం మౌంటింగులు పోయినట్టే, అంటే ఇంజన్ అదురును మోసే రబ్బరు దిమ్మలు. అవీ కాకపోతే ఏదో ఒక ప్లగ్గు సరిగా మండటం లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఇదంతా అరచేతులతోనే చెప్పాడు, ఒక్కసారీ తప్పలేదు. వీధి చివర కంప్యూటర్ పెట్టి చూసే షెడ్డు ఒకటి వెలిస్తే, పంతం కొద్దీ ఆ వైపు నడవడమే మానేశాడు. దానివల్ల ఆ షెడ్డుకు ఏ నష్టమూ రాలేదు, బావకే నడక ఎక్కువైంది.

ఈ ఏడాది మాత్రం ఊళ్ళో కార్లన్నిటికీ ఒకే జబ్బు పట్టుకుంది. హారన్ మోగడం లేదని వచ్చిన బండికీ మౌంటింగులే, అద్దం దిగడం లేదని వచ్చిన బండికీ మౌంటింగులే. నేను తెప్పించిన సరుకు తెప్పించినట్టే అయిపోయేది. రోడ్లు పాడయ్యాయి కాబోలనుకుని సంతోషించాను. నా బుద్ధి అలాంటిది, దాచుకోవడం ఎందుకు? ఓనర్లు కూడా అంతకుముందు వణుకు ఉన్నట్టే తమకు తెలియలేదని ఒప్పుకుని మరీ, "అబ్బ, ఇప్పుడెంత హాయిగా ఉందో!" అంటూ వెళ్ళేవాళ్ళు.

అలాంటి రోజుల్లో డ్రైవింగ్ నేర్పే ఒకావిడ, వైపర్ పనిచెయ్యడం లేదని తన కారు తీసుకొచ్చింది. బావ స్టీరింగ్ పట్టుకుని పెదవి విరిచాడు.

"మౌంటింగులు పోయాయమ్మా."

"లేదన్నా. రోజంతా ఈ స్టీరింగ్ తోనే నా బతుకు. వణికితే నాకు తెలియదా?"

"మీకు అలవాటైపోయింది."

మౌంటింగులు మార్చాడు. వణుకు తగ్గలేదు, అంటే బావకు తగ్గలేదు. ప్లగ్గులు మార్చాడు. ఇంజన్లోకి గాలి వెళ్ళే దారి శుభ్రం చేశాడు. మూడో రోజుకి ఆవిడకు ఓపిక నశించింది. నా కొట్టులోంచి మంచినీళ్ళ గ్లాసు పట్టుకెళ్ళి, ఇంజన్ నడుస్తుండగానే డాష్ బోర్డు మీద పెట్టింది. ముగ్గురం దాన్నే చూశాం. నీళ్ళు కదిలీ కదలనట్టున్నాయి.

"నీళ్ళకేం తెలుస్తుందమ్మా?" అన్నాడు బావ.

నాకు అనుమానం వచ్చింది. ఆయన విప్పి మూల పడేసిన పాత మౌంటింగులు తెచ్చి వెలుతురులో తిప్పి చూశాను. రబ్బరుకు ఒక్క పగులు లేదు. నేనిచ్చిన కొత్తవాటికంటే అవే నయం. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, వాటిని పట్టుకుని కారు తలుపు దగ్గర నిలబడ్డాను. బావ చూశాడు. ఆ రబ్బరు చూశాక ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. చేతులు మళ్ళీ స్టీరింగ్ మీద ఆనించాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఏదో చిన్న నట్టు తిప్పుతున్నట్టు ఇంకా కదులుతూనే ఉన్నాయి. పట్టు బిగించాడు, ఆగిపోయాయి. వదులు చేశాడు, కాసేపటికి మళ్ళీ మొదలయ్యాయి. అచ్చం బండికి చేసినట్టే, అలా రెండుసార్లు పరీక్ష చేశాడు.

"ఊరికే ఉన్నప్పుడే వస్తోందిరా," అన్నాడు. "పని పెడితే పోతోంది."

బావ గొంతు అంత మెల్లగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు. అప్పుడే అక్క టీ తెచ్చింది. ఎప్పటిలాగే బావ గ్లాసు సగానికే ఉంది. ఏడాదిగా అంతే. కట్టుకున్నవాడికి కూడా కొలిచి పోస్తావేంటక్కా అని నేను ఎన్నిసార్లు వేళాకోళం చేశానో, నవ్వి ఊరుకునేది. ఆ సగం గ్లాసు, తాగకుండా ఊరికే పట్టుకున్న బావ చేతిలో ఊగిందిగానీ ఒక్క చుక్క ఒలకలేదు. అది ఆ రోజే చూశాను.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"ఓనర్లు చెబితేనే వినని మనిషి, నేను చెబితే వింటాడా?" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. "రెండుసార్లు మొదలుపెట్టాను. చెయ్యెత్తాడు."

డ్రైవింగ్ ఆవిడే మా ముగ్గురినీ ఆ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దాని వైపర్ ఇంకా బాగుపడలేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. దారి పొడుగునా బావ డాక్టరుకు చెప్పాల్సింది వల్లె వేసుకున్నాడు. ఎప్పటినుంచి వస్తోందో, ఏ చేతికి ఎక్కువో, ఏం చేస్తే ఆగుతుందో అన్నీ వరసగా. ముందు సీట్లోనే కూర్చున్నాడుగానీ స్టీరింగ్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే, "అమ్మా, ఇది ఎప్పుడొస్తుందంటే..." అని మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ చెయ్యెత్తింది. "మీరేం చెప్పకండి. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోండి, చాలు."

బావ కూర్చున్నాడు. ఆవిడతో పాటు మేమూ ఆ చేతులనే చూస్తున్నాం. గదిలో ఎవరం దగ్గలేదు. బావ తలెత్తి ఒకసారి నా వైపు చూశాడు. ఇంకెవరికైనా ఇలా జరిగుంటే ఇద్దరం పగలబడి నవ్వేవాళ్ళం.

అక్క ముందుకు జరిగింది.

"డాక్టరుగారూ, ఆయన చెప్పేది కూడా కాస్త వినండి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చెప్పండి."

దారంతా వల్లె వేసుకున్నదాంట్లో ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు.

"ఈ చేతులు తప్ప నాకింకేం లేదమ్మా," అన్నాడు బావ. "భయమేస్తోంది."