మా ఇంట్లో అరటిపువ్వు

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూనే ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "తాతా, దేఖో నా, ఏక్‌దమ్ పాస్ సే లియా" అంది. దారిలో మందారపువ్వుని మరీ దగ్గరగా తీసిందట. చుట్టూ ఎర్రటి అంచులు కనిపించాయి గానీ, నడుమ ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఒకటి కూర్చుని ఉంది. అది ఫొటోలోది కాదు, నా కళ్ళలోది. ఏడాదిగా నేనెటు చూస్తే అటే వచ్చి సరిగ్గా మధ్యలో కూర్చుంటోంది. ఇక తగ్గేది కాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. చాలా బాగుందమ్మా అని అబద్ధమాడి ఫోను ఇచ్చేశాను.

ఒకప్పుడు దగ్గరగా చూడడమే నా ఉద్యోగం అంటే ఇప్పుడెవరూ నమ్మరు. టాటానగర్ యార్డు పక్కన రైల్వేవాళ్ళ చిన్న లాబరేటరీలో, విరిగిన పట్టాలకీ ఇరుసులకీ ఫొటోలు తీసేవాణ్ణి. ఇనుము ఎక్కడ మొదట చిట్లిందో, ఆ పగులు లోలోపల ఎటు పాకిందో, విరిగిన చోటుని వేలెడు దూరం నుంచి తీస్తే తెలిసిపోయేది. అందుకని కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే గొట్టాలు ఉండేవి. శనివారం సాయంత్రం ఆఫీసరుని బతిమాలుకుని ఆ సరంజామా అంతా బాగ్‌బేరాలో మా క్వార్టరుకి తెచ్చుకునేవాణ్ణి. వారమంతా విరిగిన ఇనుము చూసిన కళ్ళకి ఆదివారం ఏదైనా మెత్తనిది కావాలనిపించేది, అంతకు మించి కళ గురించి నాకు పెద్ద ఉద్దేశాలేమీ లేవు.

అలా ఒక ఆదివారం మా ఆవిడ కూరకని అరటిపువ్వు ఒలుస్తోంది. మాది శ్రీకాకుళం వైపు. ఆవ పెట్టిన అరటిపువ్వు కూరంటే మా ఇంట్లో ఆ రోజు పండగే. ఆవిడ ఒక్కో డొప్పా విప్పి, లోపలి పూలలోంచి గట్టి పుల్లలు తీసేసి మజ్జిగలో వేస్తోంది, జిగురుకి వేళ్ళన్నీ నల్లబడ్డాయి. పక్కన పడేసిన డొప్ప ఒకటి తీసి కిటికీ దగ్గర పెట్టి చూశాను. లోపలంతా పాలిపోయిన నునుపు, అంచు దగ్గర చిన్న మెలిక, ఆ మెలిక కింద నీడ. లెన్సులోంచి చూస్తున్నకొద్దీ అది డొప్ప కాదు, తల వంచుకున్న ఆడమనిషి మెడా భుజమూ. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఈ వయసులో దాచుకుని చేసేదేముంది, పెళ్ళై అప్పటికి ఆరేళ్ళైనా అంత తమకంతో నేను దేన్నీ చూసి ఎరగను. గంటసేపు ఊపిరి బిగబట్టి తీస్తూనే ఉన్నాను, వండిన కూర చల్లారిపోయింది.

ఆ ఏడు తెలుగు సంఘం వార్షికోత్సవంలో అందరూ అల్లికలూ బొమ్మలూ పెడుతున్నారంటే, నేనూ ఆ నలుపు తెలుపు ఫొటో పెద్దది చేయించి పెట్టాను. కింద ఏదైనా రాయమంటే, ఏం తోచక, 'మా ఇంట్లో, ఆదివారం' అని రాశాను. ఇంకేముంది, సాయంత్రానికల్లా బాగ్‌బేరా నుంచి బారిడీహ్ దాకా మనవాళ్ళందరికీ అది మా ఆవిడ వీపే. అరటిడొప్ప మొర్రో అని నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరూ నమ్మలేదు. ఉత్సవానికొచ్చిన మా వదిన నాకు నాలుగు చీవాట్లు పెట్టి, తనే ఆ ఫొటో గోడ మీంచి తీసి గుడ్డలో చుట్టి చేతికిచ్చింది.

మా ఆవిడ అరుస్తుందనుకున్నాను. ఇంటికొచ్చాక గుడ్డ విప్పి, ఫొటో కిటికీ వెలుగులో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగింది.

"అందరూ నానే అనుకున్నారంట. మీరు నన్నెప్పుడైనా ఇంతసేపు సూసినారేటి?"

అలాంటి ప్రశ్నకి ఏ మొగుడైనా చెప్పాల్సిన జవాబు ఒక్కటే. నేను మాత్రం, "నువ్వు కదులుతావు కదా" అన్నాను. అంత తక్కువ వెలుగులో కాస్త కదిలినా బొమ్మ చెదిరిపోతుందని వివరించాను కూడా. ఆవిడ ఫొటో మళ్ళీ గుడ్డలో చుట్టి, పెట్టె అడుక్కి తోసేసి, బియ్యం ఏరుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫొటో తీస్తాను రమ్మని ఎప్పుడు పిలిచినా పని ఉందనేది, నేనూ రెండోసారి అడిగేవాణ్ణి కాదు. ఇన్నేళ్ళలో నేను తీసిన ఆవిడ ఫొటోలంటే రైల్వే పాసు కోసం తీసినవే. అరటిపువ్వు కూర మా ఇంట్లో మళ్ళీ వండలేదు.

ఇప్పుడు గొట్టాలక్కర్లేదు, ఆఫీసరుని బతిమాలనక్కర్లేదు. మనిషి కదిలినా బొమ్మ చెదరదని మా మనవరాలు చెబుతోంది. లాబరేటరీ ఎప్పుడో మూసేశారు. ఇక నాకు మిగిలింది పొద్దున్నే కళ్ళలో వేసే చుక్కలు, అవీ మంట తగ్గడానికే గానీ చూపు తెచ్చేవి కావు. మా ఆవిడ కుర్చీ ఎదురుగా లాక్కుని, నా గడ్డం పట్టుకుని చుక్కలు వేసి, నేను కళ్ళు తెరిచేదాకా జానెడు దూరంలో అలాగే కూర్చుంటుంది. తెరిస్తే చెవి కమ్మ కనిపిస్తుంది, నెరిసిన జుట్టు కనిపిస్తుంది, మెడ దగ్గర మలుపు కనిపిస్తుంది. ముఖం ఉండాల్సిన చోట మచ్చ. నిన్న ఇంకాసేపు కూర్చోమని అడిగాను.

"కూకునే ఉన్నాను కదా" అంది.

నిజమే, ఆవిడ కదలడం లేదు.