చెయ్యి కడుక్కున్నావా

ఇవాళ మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి వేసుకుంటుండగా ఫోన్ మోగింది. పక్క వీధి నుంచి బాబాయి. "భోంచేస్తున్నావా అమ్మా? అయితే తర్వాత చేస్తాలే" అన్నాడు. "పెట్టకు బాబాయ్, ముందు చెప్పు" అని అరిచాను. మోటారు మెకానిక్ నంబరు కావాలట, అంతే. అయినా ఆ తర్వాత ముద్ద దిగలేదు.

బాబాయికి కడియంలో నర్సరీ ఉంది. థాయిలాండ్ వెళ్ళి కొత్త రకం క్రోటన్లు చూసి రావాలని ఏళ్ళ తరబడి కలవరించి, చివరికి పిన్నిని కూడా వెంటబెట్టుకుని బయల్దేరాడు. పిన్ని నోరు ఊరుకునేది కాదు. విమానంలో పక్క సీటావిడకి తెలుగు ముక్క రాదని తెలిసీ ఆవకాయ కొలతలన్నీ చెప్పిందట, ఆవిడ తలూపిందట కూడా. బాబాయికీ పిన్నికీ ఇంగ్లీషు రాదు. టిక్కెట్లూ ఇన్సూరెన్సూ చూసింది నేనే కాబట్టి, "ఏదైనా అయితే ముందు నాకు ఫోన్ చెయ్యి బాబాయ్, వాళ్ళతో నేను మాట్లాడతాను" అని మరీ మరీ చెప్పి పంపాను.

వాళ్ళు అక్కడికి చేరాక వచ్చిన ఆదివారం నేను కంచం ముందు కూర్చోగానే ఆయన ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, భోంచేస్తున్నావా?"

"ఇప్పుడే కూర్చున్నాను బాబాయ్. ఎలా ఉందక్కడ?"

"బానే ఉంది. నువ్వు తిను, తిను. మళ్ళీ చేస్తాను."

పెట్టేశాడు. నేను తీరిగ్గా తిన్నాను. వంకాయకూర బాగా కుదిరిందని మారు వడ్డించుకున్నాను. పెరుగన్నంలోకి మాగాయ టెంక వేసుకుని చీకుతూ కూర్చున్నాను.

అన్నం ముందున్న మనిషికి మావాళ్ళు చెడు కబురు చెప్పరు. తాతయ్య పొరుగూళ్ళో పోయినప్పుడు కబురు తెచ్చినాయన, లోపల మేం తింటున్నామని తెలిసి అరుగు మీదే కూర్చున్నాడు. ఇచ్చిన మజ్జిగ తాగి, వానల గురించి మాట్లాడి, అందరం చేతులు కడుక్కున్నాకే నోరు విప్పాడు. ఎంత పెద్దమనిషో అని ఊరంతా చెప్పుకుంది. బాబాయి ఆ మాటలు విని పెరిగినవాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. "తిన్నావా అమ్మా? చెయ్యి కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను బాబాయ్."

అప్పుడు చెప్పాడు. "మీ పిన్నికి మూతి వంకర పోయిందమ్మా. కుడిచెయ్యి లేవట్లేదు. మాట రావట్లేదు. ఇందాక నీకు చేసినప్పుడే పడిపోయింది."

ఆయన్ని లైన్లోనే ఉంచి, మా ఆయన ఫోన్‌లో ఇన్సూరెన్స్ వాళ్ళ అత్యవసర నంబరుకి చేశాను. అవతలి అమ్మాయి హోటల్ పేరు, గది, వయసు గబగబా రాసుకుంది. ఎంతసేపటి నుంచి ఇలా ఉన్నారని అడిగింది. ఎదురుగా ఎంగిలి కంచం ఉంది. అంబులెన్స్ చెప్పినంత వేగంగానే వచ్చింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే మందు పనిచేసి ఉండేదేమోనని అక్కడి డాక్టరు అన్నాడని, సాయంత్రం ఆ అమ్మాయే మెల్లగా చెప్పింది.

పిన్ని బతికింది. ఇప్పుడు ఆమెకు మిగిలింది "ఊఁ" ఒక్కటే. ఆకలికీ అదే, కోపానికీ అదే. బాబాయే ముద్దలు కలిపి తినిపిస్తాడు. ఆయన మీద నాకు కోపం పోలేదు. నా మీది ప్రేమతోనే అలా చేశాడని తెలిసినందుకు అది ఇంకా చేదెక్కింది. ఒక మనిషి తీరిగ్గా అన్నం తినేంత సేపట్లో ఇంకో మనిషికి జన్మంతా సరిపోయే మాటలు అయిపోతాయి.