టైలు ఆగి రంగు మొదలయ్యే చోట

ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో టైల్స్ వేసినవాణ్ణి. గాజువాక నుంచి భీమిలి దాకా నా చెయ్యి పడని వీధి ఒక్కటి చూపించమనండి. అలాంటి నన్ను పక్కన పెట్టి, నా సొంత కూతురు తన కొత్తింటి బాత్రూము పని ఇంకో మేస్త్రీకి ఇచ్చింది.

ఆ ముక్క ఫోన్లో చెప్పింది. "డాక్టరు కింద కూకోవద్దన్నాడు కదా నాన్నా. నీ మోకాళ్ళు ఏటవ్వాలి? నువ్వు వచ్చి కుర్చీ ఏసుకుని సూడు, సాలు."

కుర్చీ! పెళ్ళికొచ్చిన చుట్టంలా కుర్చీలో కూర్చుని పరాయివాడి పని చూడాలట. ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. మూడో రోజు ఉండబట్టలేక బస్సెక్కాను.

అల్లుడిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. చాలా ఏళ్ళు ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండి, ఇప్పుడు బయట, గూడ్సు బళ్ళు తిరిగే రైలు పట్టాలకు రెండు వీధుల ఇవతల ఇల్లు కట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి ఆ మేస్త్రీ బాత్రూములో చేతులు కడుక్కుంటున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. ఒకప్పుడు నన్ను పిలిచిన ఇళ్ళవాళ్ళు ఇప్పుడు అతన్నే పిలుస్తున్నారని అప్పటికే నా చెవిన పడింది.

"రా బావా, రా. నువ్వు సూత్తే గానీ నాకు నిదర పట్టదు" అన్నాడు. ఏ వరసన బావనో! మా వైపు అందరూ అందరికీ బావలే, నిజమే. కానీ అతని నోట ఆ మాట నాకు మింగుడు పడలేదు.

షవరు గోడకి టైల్స్ ఏడడుగుల దాకా వేశాడు. ఆ పైన రంగు. టైలు ఆగి రంగు మొదలయ్యే ఆ గీత దగ్గరే మేస్త్రీ సంగతి తేలిపోతుంది. చాలామంది టైలు అంచుని గోడ మీద మెట్టులా వదిలేస్తారు. దాని మీద దుమ్ము, సబ్బు నురగ పేరుకుని అసహ్యంగా తయారవుతుంది. ఇతను ముందే టైలు మందాన గోడ చెక్కి, టైల్స్‌ని లోపలికి దించాడు. కళ్ళు మూసుకుని అరచెయ్యి కింది నుంచి పైకి పోనిచ్చాను. చల్లదనం మారింది గానీ ఎత్తు మారలేదు. ఒక్క వంక, ఒక్కటంటే ఒక్క వంక దొరికి ఉంటే ఆ రోజు నాకు అన్నం సయించేది. కడుపు రగిలిపోయింది.

అప్పుడు టైలుకీ రంగుకీ నడుమ ఉన్న సన్నటి సందులో గోరు గుచ్చాను. మెత్తగా దిగింది. సిలికాన్.

"ఇదేటిది? జిగురెట్టీసినావు? మేస్త్రీ పనా, సైకిల్ పంచరా?" అన్నాను, వంటింట్లో ఉన్న మా అమ్మాయికి వినపడేలా.

"గూడ్సు ఎల్తే ఇక్కడ గోడ అదురుతాది బావా. గట్టిదెడితే సీలిపోద్ది. ఇదైతే సాగుతాది" అన్నాడు మెల్లగా. ఆ మెల్లగా అనడమే నన్ను ఇంకా కాల్చింది.

మా అమ్మాయి వచ్చింది. "ఈ జిగురు ఒక్క వానాకాలం ఆగదమ్మా. బూజు పట్టి ఊడొచ్చేస్తాది. నా మాట ఇను" అన్నాను. నా మాటని నేనే సగం నమ్మలేదు. అసూయే నా చేత అలా మాట్లాడించింది. అది నా మొహం వంక కాసేపు చూసి, అతని వైపు తిరిగి, "నాన్న సెప్తన్నాడు కదా" అంది.

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నీ ఇష్టం బావా."

మర్నాడు స్టూలెక్కి నేనే చేశాను. బ్లేడుతో సిలికాన్ అంతా లాగేసి, నా ముప్పై ఏళ్ళ అలవాటు ప్రకారం వైట్ సిమెంటు నింపాను. మోకాళ్ళు ప్రాణం తీశాయి, పైకి చెప్పలేదు. నా కూతురింట్లో ఒక్క గీతైనా నాదయ్యింది, చాలు అనుకున్నాను.

గృహప్రవేశం నాడు మేస్త్రీలకు బట్టలు పెట్టారు. నాకూ అతనికీ ఒకే తానులోంచి కోసిన చొక్కా గుడ్డ. అదీ నాకు నచ్చలేదు. వచ్చిన ప్రతివాళ్ళనీ బాత్రూములోకి లాక్కెళ్ళి, "ఆ పై గీత నాదే" అని చూపించాను. అతను పక్కనే ఉండి, "అవును, బావ సేసిందే" అన్నాడు.

వానలు వెళ్ళాక మళ్ళీ వెళ్ళాను. గుమ్మంలోనే మా అమ్మాయి, "నీ పని సూడు నాన్నా, ఇసుమంతైనా కదల్లేదు" అంది.

కాళ్ళు కడుక్కోవడానికి బాత్రూములోకి వెళ్ళాను. అప్పుడే గూడ్సు బండి వెళ్తోంది. కిటికీ అద్దాలు గడగడలాడాయి, బకెట్ మీది మగ్గు టకటకా కొట్టుకుంది. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, చెయ్యెత్తి ఆ గీత మీద గోరు పెట్టాను.

మెత్తగా దిగింది.

వైట్ సిమెంటులో గోరు దిగదు. పైన జానెడు మేర రంగు కొత్తగా ఉంది. అంటే నా సిమెంటు చీలింది, నీళ్ళు దిగాయి, రంగు పొక్కులొచ్చాయి, నాకు తెలియకుండా అతన్ని పిలిచి మళ్ళీ చేయించారు. గీత నేను గీసినదానికంటే తిన్నగా ఉంది కూడా.

"టీ సల్లారిపోతంది నాన్నా" అని కేక వినపడింది. బయటికి వచ్చాను. గ్లాసు చేతిలో పట్టుకుని అది నా మొహమే చూస్తోంది.

"ఎలాగుంది నాన్నా?"

"నా పనికేటమ్మా! రాయిలాగుంది" అన్నాను. అది హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదలడం చూశాను.

బస్టాపు దగ్గర ఆ మేస్త్రీ ఎదురుపడ్డాడు. బాగున్నావా బావా అన్నాడు, మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నాడు. అంతే. ఆ గోడ ఊసే ఎత్తలేదు. అతని చోట నేనుండి ఉంటే ఈపాటికి గాజువాకంతా చెప్పేసేవాణ్ణి. బస్సులో కూర్చున్నాక కూడా కడుపు మంట తగ్గలేదు. ఈసారి అది టైల్స్ గురించి కాదు.