గంధం పూసిన స్పీకర్లు

మా పాపకు మూడో నెల నడుస్తుండగా మా ఇంట్లోకి స్పీకరు బాక్సులు వచ్చాయి. పాపను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజున ఒక్క నిమ్మకాయ తిప్పి పడేసిన మా అత్తమ్మ, బాక్సులకు మాత్రం బూడిద గుమ్మడికాయ కొట్టింది.

అప్పుడు మేము తిరుపతిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన కాలేజీ ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం అయిదు దాటితే మాత్రం రికార్డింగు ఇంజనీరు. కొండకు వచ్చే భక్తులు గుండు గీయించుకుని, లడ్డు తీసుకుని, ఇంటికి పోయేటప్పుడు తను చేసిన భజన కేసెట్టు కూడా కొనుక్కుపోతారని ఆయన నమ్మకం. అందుకోసం వెనక గదిని స్టూడియో చేశారు. గోడలకు కోడిగుడ్ల అట్టలు కొడితే శబ్దం మారుమోగదని ఎవరో చెప్పారు. "గుడ్లా? ఈ ఇంట్లోనా?" అని అత్తమ్మ లేచి నిలబడేసరికి, గుడ్ల అట్టల బదులు చెనిక్కాయల గోతాలు కొట్టారు. శబ్దం సంగతేమో కానీ చీమలు వచ్చాయి.

ఆ గదిలోనే పాప ఉయ్యాల. ఇంకెక్కడా దూలం లేదు.

రికార్డు చేసిన పాటను ఉన్నది ఉన్నట్టు వినిపించే స్పీకర్లను మానిటర్లంటారని మా ఆయన ఏదో పత్రికలో చదివారు. అవి లేకుండా కేసెట్టు చేయడం అద్దం లేకుండా గడ్డం గీసుకోవడమే అన్నారు. దాంతో ఒక ఆదివారం రెండు జతలు పోటీకి దిగాయి. ఒక జత రేడియో మెకానిక్ దగ్గర తెచ్చినవి, పాపను పడుకోబెట్టే దిండంత ఉన్నాయి. రెండో జత పెళ్ళిళ్ళకు మైకు సెట్టు బాడుగకిచ్చే ఆయన తెచ్చినవి, మా బీరువా నడుము దాకా వచ్చాయి.

ముందు చిన్నవాటిలో పెట్టారు. కేసెట్టుకు పాడుతున్న భజన గురువుగారు కూడా వినడానికి వచ్చి కూర్చున్నారు, ఆయన పాటే వచ్చింది. పాటతోపాటు, చరణానికీ చరణానికీ మధ్య ఆయన ముక్కుపొడుం ఎగపీల్చడం వచ్చింది, హార్మోనియం తిత్తి మూలగడం వచ్చింది. వంటింట్లో నేను పప్పు గరిటె జారవిడిచిన మోత కూడా వచ్చింది. మా ఆయన ముఖం మాడిపోయింది.

"ఇది బాగలేదు. అన్నీ తప్పులే చూపిస్తాంది," అన్నారు.

"మీరు కొనాలనుకున్నది అలాంటిదే కదా?" అన్నాను. నేను బీఎస్సీ చదివానన్న సంగతి ఎప్పుడు గుర్తు చేయకూడదో నాకు ఇప్పటికీ తెలియదు.

తరువాత పెద్దవాటిలో పెట్టారు. అలమరలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. గురువుగారి ముక్కుపొడుం ఎక్కడో కొట్టుకుపోయింది. గురువుగారైతే తన గొంతు తనే విని కళ్ళు తుడుచుకున్నారు.

"సూసినావా అన్నా? గ్లాసు కదలకపోతే అది సౌండే కాదు," అన్నాడు మైకు సెట్టాయన.

అత్తమ్మ చిన్న జతను కాలితో పక్కకు జరిపింది. "ఇంత పొట్టిదానికి యాడ బొట్టు పెట్టేది నాయనా? పెద్దవే తీసుకో."

ఆ విధంగా, గ్లాసుల తీర్పు, బొట్టు తీర్పు ప్రకారం మానిటర్లు ఎంపికయ్యాయి. వాటిని ఉయ్యాలకు అటొకటి ఇటొకటి పెట్టారు. అవి ఇంట్లోంచి పోవాలంటే ముందు మేము పోవాలి.

అవి వచ్చినప్పటి నుంచి నా బాధ ఒక్కటే. ఆ బాక్సులు దద్దరిల్లుతుంటే పాప హాయిగా నిద్రపోయేది. ఉలిక్కిపడేది కాదు, పిడికిలి కూడా బిగించేది కాదు. బిడ్డల పెంపకం గురించి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో, మూడు నాలుగు నెలలు దాటితే బిడ్డ చప్పుడు వైపు తల తిప్పాలని ఉంది. ఆ పేజీ మూలలు నలిగిపోయేదాకా చదివాను. వెనక నుంచి చప్పట్లు కొట్టాను. పళ్ళెం పడేశాను. మూడుసార్లలో ఒకసారి తిరిగింది, కానీ అటు గోడ మీద బల్లి ఉంది. వినిందా, చూసిందా?

"పాపకు చెవులు వినపడవేమో," అన్నాను ఒకరోజు, మాట పైకి రాకముందే ఏడుపు వచ్చేసింది.

"నీ సదువు పాడుగాను! బిడ్డ నిద్రపోయినా రోగమే, మేలుకున్నా రోగమే మీకు," అంది అత్తమ్మ.

మా ఆయన ఇంకా గట్టి సాక్ష్యం చూపించారు. "పాపకు సంగీత జ్ఞానం ఉండాది. అందుకే నా రికార్డింగుకి నిద్రపోతాంది."

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. టేప్ రికార్డరుకు, మైకుకు, కత్తిపీటకు, సైకిలుకు బొట్లు పెట్టాం. బాక్సుల ముందున్న జాలీ గుడ్డకు గంధం పెట్టబోతే మా ఆయన ఆపారు. గుడ్డకు పెడితే చొక్కాకు పెట్టినట్టు, పూజ లోపలి స్పీకరుకు చేరాలట. మరలు విప్పి గుడ్డ తీశారు. లోపల నల్లటి కాగితం గిన్నెలా ఉంది. శబ్దం పుట్టేది ఆ కాగితం అదిరితేనే. దాని నిండా గంధం మెత్తి, మధ్యలో పసుపు, కుంకుమ దిద్దింది నేనే. చేయి ఆపలేదు. బాక్సులకు మొక్కుతున్నట్టు నటించి, పాప చెవుల కోసం మొక్కుకున్నాను. మొక్కు పెద్దది కనుక గంధం కూడా పెద్దగానే పడింది.

గుడ్డ మళ్ళీ బిగించి పాట పెట్టారు. మైకు సెట్టాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"సౌండు మెత్తబడిందన్నా. పూజ పనిచేసినాది!"

ఎవరు కాదంటారు? కాదంటే దేవుడిని అన్నట్టు. తాళాలు కొంచెం మందంగా ఉన్నాయని మా ఆయనకు అనిపించినా, దాన్ని భక్తి లోపంగా కాక తాళాల లోపంగానే తీసుకున్నారు. రికార్డింగులో సన్నటి శబ్దాలను పెంచే మరను రోజుకింత తిప్పుకుంటూ పోయారు. రెండు నెలల తరువాత కేసెట్టు పూర్తయ్యేసరికి ఆ మర ఇంక తిరగనని మొరాయించింది. మా బాక్సుల్లో మాత్రం పాట వెన్నలాగే ఉంది. పాప నిద్రపోతూనే ఉంది.

చివరికి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి మా ఆయన ఒప్పుకున్నారు. ఒక షరతు మీద. దారిలో బస్టాండు దగ్గర కేసెట్ల అంగడి ఉంది, అక్కడ ఆగి మొదటి కేసెట్టు వినిపించాలి. అంగడాయనకు నచ్చితే అమ్మకానికి పెడతాడు.

అంగడాయన దగ్గర ఉన్నది ఒక చిన్న టేప్ రికార్డరు. భోజనం కేరేజీ కంటే పెద్దదేమీ కాదు. మా ఆయన దాన్ని చూసి జాలిపడ్డారు. అంగడాయన కేసెట్టు పెట్టి మీట నొక్కాడు.

తాళాలు కావవి. రేకు మీద మేకుతో గీకినట్టు, ఈల వేసినట్టు ఒక కీచుమోత. గురువుగారి గొంతులో ప్రతి సకారమూ పాములా బుస కొట్టింది. రోడ్డు మీద రేణిగుంట జీపు కోసం నిలబడ్డవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

నా భుజం మీద నిద్రపోతున్న పాప కరెంటు తగిలినట్టు ఎగిరిపడింది. గిరుక్కున టేప్ రికార్డరు వైపు తల తిప్పింది. క్షణం దాన్నే చూసి, గుక్కపట్టి ఏడ్చింది.

"ఆపప్పా, ఆపు! బిడ్డ జడుసుకున్నాది!" అని అంగడాయన మీట నొక్కాడు.

పాట ఆగగానే పాప ఏడుపు ఆగింది.

"ఇంకోసారి పెట్టండి," అన్నాను.

"ఏందమ్మా?"

"ఒక్కసారి. ఆ వైపు పెట్టండి."

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తూ ఆయన దాన్ని రెండో వైపుకు జరిపి నొక్కాడు. పాప తల అటు తిరిగింది. అక్కడ బల్లి లేదు. నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, పాపను ముద్దు పెట్టుకుంటున్నాను. మా ఆయన మాత్రం రెండు చేతులతో తల పట్టుకుని అంగడి మెట్టు మీద కూలబడ్డారు. నా జీవితంలో అంత మంచి పాట నేను వినలేదని ఆయనతో చెప్పడానికి అది సమయం కాదు.

అయినా నేను డాక్టరు దగ్గరికి పోకుండా ఉండలేదు. ఆయన చిన్న గంట మోగించాడు, పాప తిరిగింది. "పెద్ద మోత రోజూ వినేదే కదమ్మా, అలవాటైపోయింది. కానీ ఆ బాక్సుల మధ్య నుంచి బిడ్డను తీసెయ్యండి, లేకుంటే మీ భయం నిజమవుతుంది," అన్నాడు.

ఇంటికి రాగానే మా ఆయన బాక్సుల గుడ్డ విప్పారు. గంధం ఎండి, పెచ్చులు కట్టి, కాగితాన్ని కదలనివ్వకుండా బిగదీసి ఉంది. ఆయన రోజుకింత పెంచిన సన్నటి శబ్దమంతా మా ఇంట్లో దాని కిందే అణిగిపోయింది. నేను తడిగుడ్డ తెచ్చాను.

అత్తమ్మ అడ్డం వచ్చింది. "పెట్టిన పసుపు కుంకుమ ఎవురన్నా తుడస్తారా? నీకు మొగుడుండాడు మే!"

మొగుడు నా వైపు, బాక్సుల వైపు చూసి, తుడవద్దన్నారు.

మరుసటి ఆదివారం ఆయనే రేడియో మెకానిక్ దగ్గరికి పోయి, ఆ దిండంత జతను మళ్ళీ తెచ్చారు. ఉయ్యాల ముందు గదిలోకి మారింది. కిటికీ కమ్మీకి కట్టాం, కొంచెం వంకరగా ఊగుతుంది. పెద్ద బాక్సులు బొట్లతో సహా అక్కడే ఉన్నాయి, వాటి మీద పాప గుడ్డలు ఆరేస్తున్నాను. చిన్న జతకు అత్తమ్మ వెనక చెక్క మీద మాత్రమే బొట్టు పెట్టింది.

ఇప్పుడు కేసెట్టు మొదటి నుంచి మళ్ళీ చేస్తున్నారు. సాయంత్రం సన్నగా పాట పెడతారు. పల్లవి అయిపోతుంది, గురువుగారు ముక్కుపొడుం ఎగపీలుస్తారు. ముందు గదిలో, నా ఒళ్ళో ఉన్న పాప తల తిప్పుతుంది.

"ఛ! మళ్ళా తప్పు," అంటారు మా ఆయన లోపల నుంచి.

"ఇంకొకసారి పెట్టండి," అంటాను నేను.