బావకు తెలియకుండా తీసిన డబ్బు

మా బావ ఇల్లు పోవడానికి కారణం బ్యాంకు కాదు. నేను. ఈ మాటను ఏళ్లుగా గొంతులోనే తొక్కిపెట్టి తిరిగాను. మీరు నన్ను అసహ్యించుకోండి. జాలి మాత్రం వద్దు.

నర్సంపేటలో నాకు ఎరువుల దుకాణం ఉండేది. రైతులకు సరుకు ఉద్దెరకు, అంటే అరువుకు, ఇవ్వాలంటే చేతిలో డబ్బు ఆడాలి. అందుకని బ్యాంకులో లిమిట్ తీసుకున్నాను. లిమిట్ అంటే ఒకసారి తీసుకుని తీర్చేసే అప్పు కాదు. ఇంతవరకు వాడుకోవచ్చని బ్యాంకు గీత గీస్తుంది. విత్తనాలప్పుడు తీస్తాం, పంట అమ్మి రైతులు ఇచ్చాక కడతాం, మళ్లీ తీస్తాం. వాడినంతకే వడ్డీ. దానికి మా అక్క భర్త, రైల్వేలో పనిచేసిన బావ, కాజీపేటలోని తన ఇంటిని జమానతు, అంటే హామీగా, పెట్టాడు. ఆనాటి నుంచి నలుగురిలో పొడిచేవాడు: "మావోని దుకాణం నా ఇంటి మీదనే నడుస్తాంది." నవ్వేవాణ్ని. లోపల మండేది.

ఒక ఏడు పత్తి బాగా పండింది. బాకీ అంతా కట్టేశాను. ఆ సంగతి చెబితే బావ మురిసిపోయాడు.

"అయితె ఇగ నా ఇల్లు నాకొచ్చినట్టేనా బామ్మర్ది? జమానతంటె మీ అక్కను చేసుకున్నట్టే అనుకున్న, ఇరుక్కుంటె ఇడుపు లేదని!"

"వచ్చినట్టే బావా. ఫికర్ చేయకు."

రాలేదు. బాకీ సున్నా అయినా లిమిట్ బతికే ఉంటుంది, దానితోపాటు జమానతూ. మూసేయమని మనమే రాసివ్వాలి. అది నాకు తెలుసు. అతనికి తెలియదనీ తెలుసు. మరిచిపోయి చెప్పలేదా? కాదు. అతని నోటికి జవాబుగా, అతని ఇంటి మీదే, ఈసారి అతనికి తెలియకుండా మొత్తం తీసి స్టేషన్ ఘన్‌పూర్‌లో ప్లాట్లు కొన్నాను. అవి అమ్ముడుపోలేదు. దుకాణమూ మునిగింది. బ్యాంకుకు కట్టలేకపోయాను.

బావ ఇంటి గోడకు నోటీసు అంటించిన రోజు, అతను నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి మేనేజరు మీద విరుచుకుపడ్డాడు. "బాకీ తీరినంక ఇల్లెట్ల గుంజుకుంటరు?" మీ బామ్మర్ది మళ్లీ తీశాడని మేనేజరు చెప్పాడు. బావ నా వైపు తిరిగాడు.

"నేను తియ్యలే బావా. వీళ్లే వడ్డీ మీద వడ్డీ ఏసి పెంచిండ్రు."

నమ్మాడు. ఇల్లు వేలంలో పోయింది. ఇప్పుడు రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాడు. నేను వెళితే ఆ మేనేజరును తిడుతూ నాకు చాయ్ పోయిస్తాడు. పొడుపు మాటలు మానేశాడు. నేనూ తనలాగే మోసపోయాననుకుంటున్నాడు. అతని మీద నా పాత కోపం ఇంకా చావలేదు, చూశారా, ఆ చాయ్ తాగుతూ కూడా.

మేనేజరు చెప్పింది నిజం. డబ్బు తీసింది నేనే. ఇది చదివి బావ నా మొహాన ఉమ్మితే ఉమ్మనీ. రాసేశాను. ఇవాళ ఊపిరి ఆడుతోంది.