తువ్వాలు కింద బేరం

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పైకి అది అబద్ధంలా ఉండదు. మా ఇంట్లో అందరూ నవ్వుకుంటూ చెప్పుకొనే కథలా ఉంటుంది. చుట్టాలొస్తే చెబుతారు, పెళ్లిళ్లలో చెబుతారు. చెప్పిన ప్రతిసారీ అందరితో పాటు నేనూ నవ్వుతాను. నవ్వాక లోపల ఏదో గుచ్చుకుంటుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కంబదూరు దగ్గర ఒక పల్లె. నాయన వానను నమ్ముకొని వేరుశనగ వేసే రైతు. కానీ ఆయనకు పేరు తెచ్చింది సేద్యం కాదు, ఎద్దుల బేరం. చుట్టుపక్కల ఎవరు సంతకు పోయినా నాయనను వెంట పిలుచుకొని పోయేవాళ్లు. ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి, ఆ తర్వాత అమ్మేవాడి చేతి మీద తువ్వాలు కప్పేవాడు. సంతలో ధర నోటితో చెప్పరు. పక్కవాళ్లకు తెలియకుండా గుడ్డ కింద వేళ్లు పట్టుకొని చెప్పుకొంటారు. నాయన వేళ్లకు ఎదురు లేదనేవాళ్లు.

తర్వాత వరసగా వానలు లేని ఏళ్లు వచ్చాయి. ఊళ్లో ఎద్దులు పోయాయి. మావీ పోయాయి. నాయనను సంతకు పిలిచేవాళ్లే లేకపోయారు. ఆయన బాధపడినట్టు కనిపించలేదు. మాట తగ్గింది, అంతే. టమోటాలు కొనడానికి పోయినా అడిగినంత ఇచ్చి వచ్చేవాడు. "మీ నాయన బేరం మరిసిపోయినాడు పాపా" అని అమ్మ ఒకసారి నాతో అంది. నేను నమ్మాను. నా తప్పు అక్కడే మొదలైందనుకుంటాను.

అప్పటికి నేను అనంతపురంలో నర్సుగా పనిచేస్తూ, బుక్కరాయసముద్రంలో బాడుగింట్లో ఉన్నాను. కారు కొనాలనుకున్నాను. పాతదే, కానీ మా వంశంలో అదే మొదటిది. ఫోన్లో చెప్పగానే నాయన, "బేరానికి నేనొస్తా" అన్నాడు. ఆ గొంతులో అంత హుషారు విని ఎన్నో ఏళ్లయింది. సంతోషమేసింది. ఆ వెనకే భయమేసింది. ఎద్దు వేరు, కారు వేరు. డీలరు ముందు నాయన నవ్వులపాలైతే? మిగిలిన కాస్త ధైర్యమూ పోతే? ఇదంతా ఆయన కోసమే అని నాకు నేను చెప్పుకొన్నాను. నిజంగా ఆయన కోసమేనా? పంచె కట్టుకున్న పల్లెటూరి మనిషి పక్కన నిలబడి తలదించుకోవాల్సి వస్తుందేమోనన్న బెదురు అందులో ఎంత? ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ముందు రోజు మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆ పాత కార్ల అంగడికి పోయాను. డీలరు పేరు మస్తాన్ అనుకుందాం. తెల్ల కారొకటి నచ్చింది. నడిపి చూశాను, బాగుందనిపించింది. గంటసేపు మాట్లాడి రెండు లక్షల తొంభై వేలకు ఒప్పించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత అడగకూడనిది అడిగాను.

"రేపు మా నాయన వస్తాడన్నా. ఆయనకు మూడు నలభై చెప్పు. బేరం చేసినాక రెండు తొంభైకి దిగు. నేను ముందే వచ్చినానని మాత్రం చెప్పద్దు."

"తగ్గించమనేటోళ్లను చూసినా గానీ, పెంచి చెప్పమనేటోళ్లను ఈడ చూళ్లేదమ్మా" అని మస్తాన్ నవ్వాడు. సరేనన్నాడు.

మరునాడు పొద్దున నాయన ఇస్త్రీ పంచె కట్టుకొని మొదటి బస్సుకే దిగాడు. భుజం మీద కొత్త తువ్వాలు. అంగడికి పోగానే కారును చూడనట్టే చూసి, పక్కనున్న ఎర్ర కారు దగ్గర నిలబడి దాని గురించి అడిగాడు. చాలాసేపటికి, ఏదో దారిలో ఉంది కాబట్టి చూస్తున్నట్టు తెల్లకారు దగ్గరికి వచ్చాడు. టైర్ల గాడుల్లో బొటనవేలు పెట్టి చూశాడు. చక్రాల పక్కన వంగి చూశాడు. బానెట్ తీయించి చెవి పెట్టి విన్నాడు. మస్తాన్‌తో కారును ఆ చివరి దాకా పంపించి, తిరిగి తెప్పించి, ఎదురుగా నిలబడి చూశాడు.

"ఎడమకు లాగుతాండాది" అన్నాడు.

మస్తాన్ దిగి వచ్చి ముందు చక్రాల వైపు చూశాడు. నిన్న నేనే నడిపాను. నాకు తెలియలేదు.

"ఎంతంటావప్పా?"

"మూడు నలభై పెద్దన్నా."

"నోటితో ఎందుకులే" అని నాయన మస్తాన్ చేయి అందుకొని, పైన తువ్వాలు కప్పాడు.

నేను అనుకోనిది అదే. మస్తాన్‌కు ఆ భాష తెలుసో తెలియదో అనుకున్నాను. తెలుసు. వాళ్ల తాత మేకల వ్యాపారి అట. ఇద్దరి ముఖాలూ ఒక్కసారిగా వెలిగాయి. మెకానిక్కులు పని వదిలేసి వచ్చారు. టీ తెచ్చినాయన గ్లాసులు పట్టుకొని అట్లే నిలబడిపోయాడు. నాయన కళ్లు మూసుకొని, వీణ మీటుతున్న మనిషిలా వేళ్లు కదిలిస్తున్నాడు. మధ్యమధ్య పైకి ఒక మాట వదులుతాడు.

"ఇది శానా కాలం నిలబడిపోయిన బండి. తిరిగేదైతే చక్రం పక్కన ఇంత తుప్పుండదు."

"యజమాని ఊళ్లో లేడు పెద్దన్నా, అందుకే."

"నేను చెప్పేదీ అదే కదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాయన పదేళ్లు చిన్నవాడైపోయాడు. ఆ పొద్దు చూసినంత సంతోషం నా జీవితంలో తక్కువసార్లే చూశాను. కానీ గుడ్డ కింద ఏం జరుగుతోందో నాకు కనిపించదు కదా. మస్తాన్ నుదుట చెమట కనిపిస్తోంది. నవ్వు తగ్గిపోతోంది. ఒప్పుకొన్న ధర ఎప్పుడో దాటిపోయారా? ఈ మనిషి విసిగిపోయి, "మీ కూతురు నిన్ననే వచ్చి మాట్లాడుకొని పోయింది" అనేస్తే? ఇంతమంది ముందు?

"చాలు నాయనా" అన్నాను. "ఇంక వదిలేయ్. ఆయన ఎంతంటే అంతకే తీసుకుందాం."

నాయన వేళ్లు ఆగాయి. కళ్లు తెరిచి నన్ను చూశాడు. కోపం లేదు. "సరే, పాప మాటే కానీ" అని చేయి వెనక్కి తీసుకున్నాడు.

"రెండు తొంభై" అన్నాడు మస్తాన్.

యాభై వేలు తగ్గించాడని మెకానిక్కులు చప్పట్లు కొట్టారు. ఆరోజు మేం నేరుగా ఊరికి పోయాం. దారంతా నాయన కిటికీ అద్దం దించి, కనిపించిన ప్రతి మనిషినీ పలకరించాడు. తెలియనివాళ్లను కూడా. ఊరికి పోయాక అమ్మకు బేరం మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చెప్పాడు. అమ్మ అన్నం వడ్డించడం మరిచిపోయి వింటూ కూర్చుంది.

పది రోజుల తర్వాత బండి కాగితాల కోసం మస్తాన్ దగ్గరికి పోయాను. థాంక్స్ చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీ నాయన వేళ్లు రెండు డెబ్బై కాడికి వచ్చినాయమ్మా. నాకూ వేరే దారి లేకపోయా. సరే అనబోతాంటే నువ్వు నోరు తెరిస్తివి."

"మరి తొంభై అన్నావే?"

"నీతో ఒప్పుకొన్నది అదే కదా. నా మాట మీద నేను నిలబడినా."

ఆయనది న్యాయమే.

ఆ మాట ఇంట్లో చెప్పలేదు. మొదట్లో సిగ్గుతో చెప్పలేదు. ఆ తర్వాత నాయన సంతోషం చూసి చెప్పలేదు. ఎందుకంటే ఆ కారు తర్వాత ఊళ్లోవాళ్లు మళ్లీ ఆయనను పిలవడం మొదలుపెట్టారు. ఒకరికి ట్రాక్టరు, ఇంకొకరికి ఆటో. మొన్న చిలమత్తూరులో మా పిన్ని వాళ్లకు కారు. అక్కడ నా సాయమేమీ లేదు. అన్నీ ఆయన సొంతంగా గెలిచినవే. ఒక్క నా కారు బేరమే పూర్తిగా ఆయనది కాకుండా పోయింది. అది కూడా నా వల్ల.

ఇవన్నీ ఎట్లాగో మోయగలను. మోయలేనిది వేరే ఉంది. కథ చెప్పేటప్పుడు నాయన చివర్లో ఎప్పుడూ ఒక మాట అంటాడు.

"మా పాప అడ్డం రాకుంటే ఇంకా దించుతాంటి. ఆ డీలరు మీద జాలిపడింది. దానికి మనసు మెత్తన."

అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను తల వంచుకొని నవ్వుతాను. ఏడేళ్లుగా ఆ మెప్పు తీసుకుంటున్నాను. నాది జాలి కాదు. దొరికిపోతానన్న భయం. మా నాయన ఓడిపోతాడని నేను ముందే తీర్మానించుకొన్నాను, ఆయన గెలుస్తుంటే చేయి పట్టి ఆపాను. ఈ రెండు మాటలు ఇంతవరకు ఎక్కడా అనలేదు. నాలో నేను కూడా ఇంత సూటిగా అనుకోలేదు.

ఆయనకు చెబుతానా? తెలియదు. చెప్తే నవ్వేస్తాడేమో. నవ్వకపోతే? ఆ ప్రశ్న దగ్గరే ప్రతిసారీ ఆగిపోతున్నాను. మీరు క్షమించాలని కూడా అడగడం లేదు, అది మీ చేతిలో లేదు.

ఊళ్లో ఇంట్లో కూర్చొని నేనిది రాస్తుంటే వాకిట్లో నాయన అర బకెట్టు నీళ్లతో కారంతా తుడుస్తున్నాడు. ఒక్క చుక్క వృథా చేయడు. రేపు ఎవరికో బండి చూడడానికి కళ్యాణదుర్గం పోవాలట.

"పాపా, తాళం యాడ పెట్టినావు?" అని కేకేశాడు.

"తెస్తాండా నాయనా" అన్నాను. ఇదంతా రాసేసినందుకేమో, ఇన్నేళ్లకు నా గొంతు నాకు తేలిగ్గా వినిపించింది.