మంచం నలగని గది

2023 కార్తీక మాసం. విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సుకి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఒక హోటల్లో నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. ఒకే పేరుతో చాలా ఊళ్ళలో ఉండే హోటళ్ళలో మాదొకటి. ఐదు అంతస్తులు, అరవై రెండు గదులు. అన్నింటికీ ఒకటే రంగు పరదాలు, గోడ మీద ఒకటే పడవ బొమ్మ. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఏ అంతస్తులో ఉన్నారో మరిచిపోయి లిఫ్టు దగ్గర అంకె చూసుకుని వచ్చేవారు.

మా ఊరు నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. పెళ్ళైన నాలుగేళ్ళకే నేను ఒంటరిదాన్నయ్యాను. ఈ పనిలోకి వచ్చి పద్నాలుగేళ్ళు. రోజంతా పరాయివాళ్ళ మంచాలు చూసి, అద్దె గదికి వెళ్ళి మంచానికి ఒక పక్కన పడుకుంటాను. రెండో పక్క ఉతికిన బట్టలుంటాయి. వాటిని మడతపెట్టమని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

మా పనిలో రూమ్ స్టేటస్ అని ఒక కాగితం ఉంటుంది. పొద్దున్న తొమ్మిదికి ప్రతి గదీ చూసి, మనుషులున్నారా, ఖాళీయా అని అందులో రాయాలి. సామాను గదిలోనే ఉండి, రాత్రి మంచం మీద ఎవరూ పడుకున్నట్టు లేకపోతే ‘స్లీప్ అవుట్’ అని రాస్తాం. వరుసగా రెండు రోజులు అలా పడితే, గది బుక్ చేసినవాళ్ళకి ఫ్రంట్ ఆఫీసు ఫోన్ చేసి చెప్పాలి. మనిషికి బయట ఎక్కడైనా ఒంట్లో బాగులేకపోయి ఉండొచ్చు కదా. రూలు మంచిదే. నేను చేసిన పనే బాగులేదు.

ఆ వారం ఒక సంస్థవాళ్ళు ఎండుచేపల ప్యాకింగు నేర్పడానికి భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు నుంచి పదకొండు మంది ఆడవాళ్ళని తీసుకొచ్చారు. ఆరు రోజుల శిక్షణ. గదికి ఇద్దరు చొప్పున ఐదు గదులు నిండాయి. పదకొండో మనిషికి 307 ఒక్కదానికే ఇచ్చారు. పేరు ఎర్రమ్మ, యాభై దాటి ఉంటాయి. అదృష్టమంటే నీదే అని తతిమావాళ్ళు ఆవిడని ఆటపట్టించారు. ఆవిడ మాత్రం తాళం కార్డు చేతిలో పట్టుకుని, తోటికోడలు దానమ్మ వేరొకావిడతో కలిసి పక్క గదిలోకి వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడింది.

మర్నాడు 307 తలుపు తీశాను. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. దిండు మేం పెట్టినచోటే ఉంది. తువ్వాళ్ళ మడత విప్పలేదు. బాత్‌రూమ్ పొడిగా ఉంది. అలమారలో ఒక సంచీ, మడిచిన బొంత. స్లీప్ అవుట్ అని రాశాను. రెండో రోజూ అంతే, మళ్ళీ రాశాను. గది చూడకుండా రాసే రకాన్ని కాను, చూసే రాశాను. నా ధీమా అంతా దాని మీదే.

మూడో రోజు పొద్దున్న టిఫిన్ హాల్లో బల్లల మీద గుడ్డలు మార్పిస్తున్నాను. శిక్షణ ఇచ్చే మేడమ్ ఎర్రమ్మ దగ్గరికొచ్చి, అందరూ వింటుండగానే, రాత్రిళ్ళు గదిలో ఉండటం లేదట, ఎక్కడికి వెళ్తున్నారని అడిగింది. చిన్నమ్మాయి. ఈ పదకొండు మందినీ క్షేమంగా ఊరికి చేర్చే బాధ్యత తనది, ఆ భయంతో అడిగింది. గదిలోనే నేల మీద పడుకున్నానని ఎర్రమ్మ చెప్పింది. అంత మెత్తటి మంచం పెట్టుకుని నేల మీదా అని ఎవరో నవ్వారు. దానమ్మ తలెత్తలేదు. ఎర్రమ్మ ఇడ్లీ ప్లేటు అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి పుట్టిందో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. కాగితం మీద చెయ్యి జారినా అంతే.

సాయంత్రం తరగతి అయ్యాక 307కి వెళ్ళాను. ఆవిడ కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. స్లీప్ అవుట్ అని రాసింది నేనేనని ముందే చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. మంచం మీద ఎందుకు పడుకోలేదని అడిగాను.

“మా పిల్లల బాబు సేపల ఏటకెల్లినాడమ్మా, గుజరాతు బోటు మీద. ఆడు నీల్ల మీదున్నన్నాల్లూ నాను మంచమెక్కను. మాయత్త ఎక్కనేదు, నానూ ఎక్కను.”

ఇప్పుడు ఊళ్ళో ఎవరూ పట్టించుకోవడం లేదట. వేరు కాపురం పెట్టాక దానమ్మ కూడా మానేసిందట. మంచానికీ గోడకీ మధ్య ఉన్న సందు చూపించింది. అక్కడ బొంత పరుచుకుంటుంది. తెల్లారగానే మడిచి అలమారలో పెట్టి, ఆ చోటు తడిగుడ్డతో తుడుస్తుంది. స్నానమయ్యాక బాత్‌రూమ్ కూడా పొడిగా తుడిచేస్తుంది.

మరి తువ్వాళ్ళు ఎందుకు ముట్టుకోలేదని అడిగాను. “అంత తెల్లగున్నాయి. పసుపంటుకుంటే ఎవులు ఉతుకుతారు?” అంది.

మాకు పని పెట్టకూడదని ఆవిడ తన ఆనవాళ్ళన్నీ తుడిచేసింది. ఆ శుభ్రాన్నే నేను ఆవిడ లేదనడానికి సాక్ష్యంగా రాశాను. సిగ్గుతో నా తల దించుకుపోయింది. ఆవిడ కిటికీలోంచి రోడ్డు చూస్తూ అంది. “పక్కన ఇంకో మనిసుంటే నాను గదిలోనే ఉన్నానని సెప్పును. నానొక్కద్దాన్నే కదా.”

మర్నాడు పొద్దున్న టిఫిన్ హాల్లో, ముందు రోజు ఎక్కడ అడిగారో అక్కడే, అందరి ముందూ చెప్పాను. రాసింది నేను, తప్పు నాది, ఈవిడ ప్రతి రాత్రీ గదిలోనే ఉన్నారు అని. మేడమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఎర్రమ్మ చెయ్యి పట్టుకుంది. అక్కడితో సర్దుకుందనుకున్నాను.

అప్పుడు దానమ్మ ఏడవడం మొదలుపెట్టింది. వీళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, ఒకే బోటు మీద పనిచేస్తారు. ముందు రోజు సాయంత్రం సరుకు దించడానికి బోటు ఒడ్డుకొచ్చినప్పుడు తన మొగుడు ఫోన్ చేస్తే, అక్క రాత్రిళ్ళు గదిలో ఉండటం లేదంటన్నారని చెప్పేసిందట. తెల్లవారుజామున బోటు మళ్ళీ వెళ్ళిపోయింది. ఇరవై రోజుల దాకా సిగ్నల్ అందదు.

ఎర్రమ్మ తోటికోడల్ని ఒక్క మాట అనలేదు. నా వైపు తిరిగి, “ఇక్కడున్నోల్లకి సెప్పినావమ్మా. నీల్ల మీదున్నోడికి ఎవులు సెప్తారు?” అంది.

మిగిలిన రోజులు 307కి నేనే వెళ్ళాను. కింద పరుచుకోవడానికి మెత్తటి రజాయి ఇచ్చాను. ఆవిడ అది మడత విప్పకుండా మంచం మీదే ఉంచింది. వెళ్ళేరోజు నా ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఆవిడ చేతిలో పెట్టి, మీ ఆయన ఫోన్ చేస్తే నాతో మాట్లాడించమని బతిమాలాను. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుని ఆటో ఎక్కింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. నేల మీద పడుకుని ఆవిడ ఆలోచించేది ఒకటే, నీళ్ళ మీద ఆయన ఆలోచించేదీ ఒకటే, ఆ రెంటినీ కలిపే మాట నేను రాసింది. పడుకుంటే కన్ను మూతపడేది కాదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఇంట్లో గోడలు తప్ప ఎవరున్నారు?

ఒక మధ్యాహ్నం లినెన్ రూమ్‌లో, అంటే దుప్పట్లూ తువ్వాళ్ళూ దాచే గదిలో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల గాలి హోరు. ఎర్రమ్మ పెనిమిటినమ్మా అన్నాడు. అంతే, నేను ఊపిరి తీసుకోకుండా జరిగినదంతా చెప్పేశాను. ఆయన చివరిదాకా విన్నాడు.

“బోటు కదిలినాక మా తమ్ముడు సెప్పినప్పుడే నాను నమ్మనేదమ్మా. అది నేల మీద పడుకునుంటాదని నాకు తెల్దా? నమ్మనేదని దానికి సెప్పడానికే సిగ్నలు నేదు. అదొక్కటే నా బాద.”

ఆ మాట ఆవిడతో అన్నారా అని అడిగాను.

“ముందు దానికే సేసినాను. ఫోను పెట్టీముందు మీకు సెయ్యమంది. ఆయమ్మ ఇన్నాల్లూ నిద్దరపోనాదో నేదో, సెప్పీ అంది.”

ఫోన్ పెట్టేసి దుప్పట్ల కట్ట మీద కూర్చుండిపోయాను. కరువుతీరా ఏడ్చాను.

ఇప్పుడు స్లీప్ అవుట్ అని రాయాలంటే ముందు ఆ మనిషి కోసం వెతికి, కనిపిస్తే ఒంటరిగా అడిగి గానీ రాయను. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి కూడా మొదటి రోజు అదే నేర్పుతాను. మంచం చూసి మంచం గురించి రాయండి, మనిషి గురించి మనిషినే అడగండి అంటాను.

ఫోన్ వచ్చిన ఆ రోజు ఇంటికి వెళ్ళి మంచానికి రెండో పక్కనున్న బట్టలు మడతపెట్టాను. నేను నిద్రపోయానో లేదో పట్టించుకున్నవాళ్ళు చాలా ఏళ్ళుగా లేరు. ఇన్నాళ్ళకి పట్టించుకుంది, రాత్రి గదిలో లేదని నేను ఎవరి గురించి రాశానో ఆవిడే.